ముత్తు ఇంకా నవ్వలేదు

సినిమా రక్తం కాచేది నేనే. చక్కెర పాకం పట్టి, ఎర్ర రంగు కలిపి, మరీ గులాబీ రంగుకు తిరిగితే ఒక చెంచా కాఫీ పొడి వేస్తే చాలు, చూసినోళ్ళు నిజమే అనుకుంటారు. ఆ ఆదివారం హోసూరులో మా ఇంటి పొయ్యి మీద పెద్ద గిన్నె నిండా కాచి, చల్లారబెట్టి, సీసాల్లో పోసుకున్నాను. మా అమ్మ వాకిట్లో నిలబడి చూసి, పండగక్కూడా ఇంత పాకం పట్టిన పాపాన పోలేదు కదే నువ్వు అని ఎత్తిపొడిచింది. నవ్వేసి బ్యాగు తగిలించుకొని బయలుదేరినాను.

నా పేరు హేమావతి. ఒక స్టూడియోలో పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేస్తాను. పెళ్ళిలో వియ్యంకులు కాలర్లు పట్టుకున్నా సరే, అదంతా తీసేసి అందరూ నవ్వుతా ఉండేట్టు అతికించి ఇచ్చేది నా పని. ఆదివారాలు మాత్రం ఉపేంద్ర గారితో చేరి చిన్న సినిమాలు తీస్తాము. ఆయనది ఒంగోలు పక్క. ఈడ ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం, తల నిండా సినిమా పిచ్చి. కథ ఆయనది. కెమెరా పట్టేది, సౌండు తీసేది, తర్వాత కూర్చొని కత్తిరించేది నేను.

ఈసారి కథలో అన్నను చంపిన రౌడీలను తమ్ముడు కొట్టి చంపుతాడు. అయితే ఉపేంద్ర గారికి ఒక పట్టుదల ఉండేది. కొట్లాట చూసి జనం ఈల వేయకూడదు, చూడలేక తల తిప్పుకోవాల. సినిమాల్లో ఇంతమంది చస్తా ఉంటే మనం పల్లీలు తింటా చూస్తాము, అది మార్చాలంటాడు. నాకు అంత పెద్ద ఆశలేమీ లేవు. హోసూరులో హాలు పెట్టి చిన్న సినిమాలు చూపిస్తాండారు, బాగున్నవాటిని బెంగళూరుకు పంపిస్తారు. తెర మీద నా పేరు ఒక్కసారి పడితే చాలు, మా స్టూడియో ఓనరు మొహం చూడాలని ఉండేది.

షూటింగు పెట్టుకున్నది రాయకోటకు పోయే దారిలో, ఎవరో మూసేసి వదిలేసిన గులాబీల పాలీహౌసులో. ఒకప్పుడు ఆడ నుంచి లారీల కొద్దీ పూలు పోయేవంట. ఇప్పుడు ఇనుప కమ్ములు మిగిలినాయి, పైన ప్లాస్టిక్ పట్ట చిరిగి వేలాడుతా ఉండేది. గాలి వస్తే అది పటపటా కొట్టుకునేది. ఆగేది. మళ్ళీ కొట్టుకునేది. ఎండిన గులాబీ కట్టెల వాసనతో పాటు ఎప్పుడో కొట్టిన పురుగుల మందు వాసన ఇంకా పోలేదు. మిట్టమధ్యాహ్నం కూడా లోపల వెలుతురు పాలిపోయి ఉండేది.

రౌడీలుగా వేసేకి జూజువాడి చెక్‌పోస్టు దగ్గర లారీలకు లోడు ఎత్తేవాళ్ళను పిలుచుకొచ్చినాము. వాళ్ళల్లో ఒకడు ముత్తు. ముప్పై దాటి ఉంటాది. తల్లీతండ్రీ ఎవరో తెలీదు, అనాథాశ్రమంలో పెరిగినాడు. తమిళం, కన్నడం, తెలుగు మూడూ కలిపి కొడతాడు. నీకంటే చిన్నదాన్నప్పా అని చెప్పినా వినకుండా నన్ను అక్కా అనే పిలిచినాడు. మెడకు రక్తం పూస్తా ఉంటే వేలికి అంటింది నాకి చూసి, తియ్యగా ఉందే అక్కా అని సంబరపడినాడు.

మా సినిమావాళ్ళకు ఒక పద్ధతి ఉంది. చచ్చినట్టు నటించినోళ్ళు, కెమెరా ఆపకముందే కండ్లు తెరిచి కెమెరా తట్టు చూసి నవ్వాల. కెమెరా పట్టినోళ్ళు నవ్వమని చెప్పాల, వాళ్ళు నవ్వాల. నవ్వకపోతే ఆ చావు అట్లనే నిలిచిపోతాదని భయం. పెద్ద పెద్దోళ్ళూ చేస్తారు, మాలాంటి గతిలేనోళ్ళూ చేస్తారు. అన్న వేషం వేసిన గురుమూర్తి సారు బ్యాంకులో రిటైరైన మనిషి. ఆయన చనిపోయే షాటు పొద్దున్నే అయిపోయింది. నవ్వండి సార్ అన్నాను, పండ్లన్నీ కనపడేట్టు నవ్వినాడు. అది చాలక నిమ్మకాయ కూడా దిష్టి తిప్పి పారేసినాము. ముత్తు పక్కనే నిలబడి అదంతా నోరు తెరుచుకొని చూసినాడు. ఎందుకక్కా ఇది అని అడిగితే చెప్పినాను కూడా.

సాయంత్రం వాని వంతు వచ్చింది. దెబ్బ తగిలినట్టు ఒక్కసారి తూలి, పక్కకు పడి, ఒక చెయ్యి ముందుకు చాపి, అట్లనే ఉండిపోయినాడు. పాకం వాసనకు చీమలు వచ్చినాయి. మెడ మీదికి ఎక్కినాయి, చెవి దాకా పోయినాయి, అయినా వాని రెప్ప కదల్లేదు. వెలుతురు పోతాంది. ఉపేంద్ర గారు చాలు అన్నాడు, నేను కెమెరా ఆపి బ్యాగులో పెట్టేసినాను. అందరూ సామాన్లు సర్దుతాండారు. ముత్తు లేయలేదు. నిద్రపోయినాడేమో అని దగ్గరికి పోయినాను. వాడు కండ్లు తెరవకుండానే, పెదవులు మాత్రం కదిలించి, మెల్లగా అడిగినాడు.

"అక్కా… నవ్వేదా?"

"నీకెందుకప్పా, రౌడీవి కదా నువ్వు. లేయ్, బస్సు పోతాది."

విన్నోళ్ళంతా నవ్వినారు. కెమెరా మళ్ళీ బయటికి తీసి, లెన్సు తగిలించి, ఒక్క నిమిషం పని. ఆ నిమిషం నాకు బరువైంది. ముత్తు లేచి మెడ మీది చీమలు దులుపుకొని, నీళ్ళు పోయక్కా కడుక్కుంటాను అన్నాడు. పోసినాను.

ఎడిటింగ్ అయినాక ఉపేంద్ర గారి రూములో ఆయన స్నేహితులను కూర్చోబెట్టి సినిమా వేసినాము. రౌడీలు ఒక్కొక్కడే పడతా ఉంటే వాళ్ళు ఈలలు వేసినారు. ముత్తు పడినప్పుడు ఒకాయన వెనక్కి తిప్పి ఇంకోసారి వేయమన్నాడు, ఆ పడడం భలే ఉందని. ఉపేంద్ర గారి మొహం మాడిపోయింది. వాళ్ళు పోయినాక తల పట్టుకొని, అంత రక్తం పోశాం, ఒక్కరికైనా కడుపులో తిప్పలేదేంటండీ హేమావతి గారూ అన్నాడు.

నాకు అప్పుడు మా ఊరు గుర్తుకొచ్చింది. నా చిన్నప్పుడు ఎద్దుల పండగలో ఒకాయనను ఎద్దు పొడిచింది. ఆ గాయం నేను కండ్లారా చూసినాను, ఇప్పుడు ఎట్లుండిందో అడిగితే చెప్పలేను. ఆయన భార్య రోడ్డు మీద పడిన చెప్పును తీసి, కొంగుతో తుడుస్తా ఏడ్చిన ఏడుపు మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది. అదే చెప్పినాను. మన రౌడీకి ఎవరూ లేరు సార్. వాడు చస్తే ఇంట్లో అన్నం మూత పెట్టి కాచుకొని ఉండేటోళ్ళు ఎవరూ లేరు, అందుకే ఈల వేస్తాండారు. వాని కోసం ఒకరు ఏడిస్తే అప్పుడు చూస్తారా చూడండి అన్నాను. ఉపేంద్ర గారు తల మీది చేతులు తీసి, అయితే ఏడ్చేవాళ్ళను తీసుకురండి అన్నాడు.

పుట్టు తెలివి మా వంశానికే ఉన్నట్టు ఆ పొద్దు నాకెంత గర్వమో. ఆ తెలివికి ఇప్పుడు చెప్పు తీసుకొని కొట్టుకోవాలనిపిస్తాది.

మా పెద్దమ్మ సుబ్బక్క ఉండేది రాయకోట దగ్గర పల్లెలో. గొర్రెల కాపరుల ఇల్లు మాది. చుట్టుపక్కల ఎవరు పోయినా పెద్దమ్మ పోయి శోకం పెట్టి ఏడ్చేది. తమిళోళ్ళు ఒప్పారి అంటారే, అదే. పోయినోళ్ళ పేరు పెట్టి పిలిచి, వాళ్ళు ఏం తిన్నారో, యాడ కూర్చున్నారో అన్నీ చెప్పి ఏడుస్తాది. రాతి గుండె ఉన్నోడు కూడా తువ్వాలు వెతుక్కుంటాడు. ఇప్పుడు కండ్లు సరిగ్గా కనపడవు, ఇంటి ముందర అరుగు, మేము జగిలి అంటాము, దాని మీద కూర్చొని గొర్రెపిల్లలకు పాలు తాపుతా ఉంటాది.

సినిమాకు ఒకసారి ఏడ్చిపెట్టు పెద్దమ్మా అని అడిగినాను. ఆమె నా తట్టు తిరిగి, ఊరికే ఏడ్చేకి నేనేమన్నా మిషనా అమ్మణ్ణీ అంది. ఒకసారి మా పెద్దనాయన నాగన్న గొర్రెలు తోలుకొని పోయి వాగులో కొట్టుకుపోయినాడని ఎవరో చెప్తే, పెద్దమ్మ ఆయనకు శోకం పెట్టేసిందంట. కొన్నాళ్ళకు ఆయన నడుచుకుంటా వచ్చినాడు. అప్పుడు పెద్దలు ఆయనను గడప దాటనియ్యలేదు. ఏడ్చిన నోటితోనే, పేరు పెట్టి, అన్నానికి రమ్మని పిలిపించినాకే లోపలికి రానిచ్చినారు.

"బతికుండేటోనికి ఏడిస్తే అదే మందు. తెలిసిన దినమే పిలవాల. లేకుంటే ఆ ఏడుపు వాణ్ణి ఇడిసిపెట్టదు," అంది పెద్దమ్మ.

అంత విన్నాక లేచి రావాల్సింది. నేను రాలేదు. ఇంకొక ఎత్తు వేసినాను. నిజంగానే ఒకడు పోయినాడు పెద్దమ్మా అన్నాను. ఎవరి పేరు చెప్పేది? చుట్టాల పేరు చెప్పేకి నాలుక రాలేదు. ఎవరూ లేనోని పేరు చెప్తే ఎవరికీ ఏమీ కాదు కదా అనిపించింది. ముత్తు అని ఒకడు, జూజువాడిలో లోడు ఎత్తేటోడు, లారీ కింద పడినాడు, ముందూ వెనకా ఎవరూ లేరు, ఏడ్చే దిక్కు కూడా లేదు అని చెప్పినాను. చెప్తా చెప్తా గొంతు కూడా వణికించినాను.

పెద్దమ్మ ఒడిలో గొర్రెపిల్లను కిందికి దించింది. తర్వాత, ఎవరూ లేనోనికి నేనుండాను అంది. వానికి ఏమంటే ఇష్టం అని అడిగింది. నాకేం తెలుసు? వేలు నాకింది ఒక్కటే గుర్తుండేది. చక్కెర అని చెప్పినాను. మైకు ఆమె కొంగు చాటున పెట్టినాను. ఆమె కాళ్ళు చాపి, ఒడి సర్దుకొని, మొదలుపెట్టింది.

"ఏ తల్లి కన్నదో నా కొడకా ముత్తూ… తల పెట్టేకి ఒడి లేక రోడ్డు మీద పండుకుంటివా… చక్కెర పోసిన పాలు పెట్టినా, లేచి రాప్పా… నా ఒడి ఖాళీగా ఉండాది, వచ్చి తల పెట్టప్పా…"

గొర్రెపిల్లలు అరవడం ఆపేసినాయి. నాకు వొళ్ళు జలదరించింది. మంచి సౌండు పడిందని సంతోషం కూడా కలిగింది. రెండూ నిజమే.

ఆ ఏడుపును ముత్తు పడిపోయే షాటు కింద పెట్టినాము. కొట్టే శబ్దాలన్నీ తీసేసి, ప్లాస్టిక్ పట్ట కొట్టుకునేది, పెద్దమ్మ గొంతు, ఆ రెండే. ఉపేంద్ర గారు సగం చూసి లేచి బయటికి పోయినాడు. వచ్చేటప్పటికి కండ్లు ఎర్రగా ఉండాయి. చూడలేకపోతున్నానండీ, ఇదే నేను అడిగింది అన్నాడు. నేను మాత్రం మళ్ళీ మళ్ళీ వేసి చూసినాను, సరి చేసేకి. చూడంగా చూడంగా ఒకటి కనపడింది. ముత్తు మొహం నేను తీసినప్పుడు కెమెరా తట్టు ఉండేది. ఇప్పుడు కొంచెం పక్కకు తిరిగింది, ఆ ఏడుపును చెవి పెట్టి వింటాండేట్టు. ఇంకో టేకు వాడినానేమో అనుకున్నాను. కానీ ఆ షాటు తీసింది ఒక్కసారే.

ఆ సాయంత్రమే ముత్తు ఫోన్ చేసినాడు.

"అక్కా, ఏమీ అనుకోవద్దు… ఎవరో ఒకామె నా పేరు పెట్టి ఏడుస్తాది. లారీలు ఆగినప్పుడు వినపడతాది. నీకేమన్నా తెలుసా?"

చెవిలో ఏదో దూరి ఉంటాది, డాక్టరుకు చూపించుకోప్పా అన్నాను. వానికి భయమేమీ లేదు, అదే నన్ను ఇంకా బాధ పెడతాంది. బాగుందక్కా వింటా ఉంటే అన్నాడు. పుట్టినప్పటి నుంచి ఎవరూ కొడకా అని పిలిచింది లేదంట. ఆమె యాడుందో తెలిస్తే పోయి చూసొస్తానన్నాడు. ఇంకో మాట కూడా అడిగినాడు.

"ఆ పొద్దు నేను నవ్వలేదు కదక్కా. ఇప్పుడు వచ్చి నవ్వేదా?"

"అంతా అయిపోయిందప్పా. ఆదివారం హాలుకు రా, నిన్ను నువ్వే చూసుకుందువు."

ఫోను పెట్టేసి మంచం మీద కూర్చున్నాను. ఏం చేయాల్నో నాకు తెలుసు. పెద్దమ్మ దగ్గరికి పోయి నిజం చెప్పి, ఆమె నోటితో వాణ్ణి అన్నానికి పిలిపించాల. బస్సు ఎక్కితే పోయేదే. కానీ నిజం చెప్తే పెద్దమ్మ ఆ ఏడుపును తుడిచెయ్యమంటాది. ఏడుపు లేకపోతే సినిమా లేదు. సినిమా లేకపోతే తెర మీద నా పేరు లేదు. ఆదివారం అయిపోనీ, సోమవారం పోయి కాళ్ళ మీద పడతాను అనుకున్నాను. ఒక మనిషి ప్రాణాన్ని సోమవారానికి వాయిదా వేసినాను. ఇట్ల చెప్తే ఎంత నీచంగా ఉందో, ఆ పొద్దు అంత నీచంగా అనిపించలేదు.

ఆదివారం పొద్దున హాలు నిండింది. బయట కండ్లు చెదిరే ఎండ, తలుపులు వేస్తే లోపల చిమ్మచీకటి. నా పక్కన ముత్తు కోసం ఒక కుర్చీ పట్టి పెట్టినాను. వాడు రాలేదు. మా సినిమా వేసినారు. అన్న చనిపోయినాడు, తమ్ముడు కట్టె ఎత్తుకున్నాడు, వెనక వరుసల్లో ఈలలు మొదలైనాయి.

ముత్తు పడినాడు. ప్లాస్టిక్ పట్ట కొట్టుకుంది. ఆగింది.

పెద్దమ్మ గొంతు వచ్చింది.

ఈలలు ఆగిపోయినాయి. ముందు వరుసలో ఒకామె మొహానికి చేతులు అడ్డం పెట్టుకుంది. ఎవరో లేచి తలుపు దగ్గరికి పోయినారు. నేను తెర నుంచి కండ్లు తిప్పలేదు. ముత్తు మొహం ఇంకా పక్కకు తిరిగి ఉంది. సగమే కనపడతాంది. ఎడిటింగులో ఇంత తిరగలేదు… లేదు, ఇంత తిరగలేదు.

లేచి రాప్పా… అంటాంది పెద్దమ్మ.

చాపిన చెయ్యి వేళ్ళు ముడుచుకున్నాయి.

అప్పుడు వాసన వచ్చింది. మా వంటింటి వాసన. పాకం. కాలు మీద ఏదో పాకినట్టైంది. వంగి తడుముకున్నాను. చీమలు. నా పక్క కుర్చీ మీద నుంచి దిగుతాండాయి… ఖాళీ కుర్చీ మీద నుంచి.

తెర మీద ముత్తు తల నేల నుంచి కొంచెం పైకి లేచింది. కింద ఏమీ లేదు. దేని మీదో పెట్టుకున్నట్టు, అట్లనే నిలిచింది.

నా ఫోను వణికింది. ముత్తు నెంబరు. బయటికి పరిగెత్తి తీసినాను. మాట్లాడింది ముత్తు కాదు. చెక్‌పోస్టు దగ్గర టీ అంగడి పెట్టుకున్న నరసింహప్ప, ముత్తు రాత్రిళ్ళు పడుకునేది ఆయన అంగడి ముందరే. హాలుకు పోవాలని మంచి చొక్కా వేసుకొని బస్సుకు నిలబడినాడంట. ఉన్నట్టుండి రోడ్డుకు అడ్డంగా నడిచినాడంట. లారీ హారన్ కొట్టింది, జనం అరిచినారు. వాడు అటూ ఇటూ కూడా చూడలేదు.

"ఎవరో పిలిస్తే పోయినట్టు పోయినాడమ్మా," అన్నాడు నరసింహప్ప.

లోపల నుంచి చప్పట్లు వినపడినాయి. అప్పుడు తెర మీద నా పేరు పడతా ఉండాల.

ముత్తు కోసం ఆసుపత్రికి పోయింది నేను, ఉపేంద్ర గారు, నరసింహప్ప. వాని మొహం చూడమని ఎవరో గుడ్డ తీస్తే నేను గోడ తట్టు తిరిగినాను. హాలులో తలలు తిప్పుకున్న జనం మాదిరే. మా సినిమాను బెంగళూరుకు తీసుకుంటామని కబురు వచ్చింది, ఆ ఒక్క సీను చూడలేకపోయినామని అందరూ మెచ్చుకున్నారంట. ఉపేంద్ర గారికి అంతా చెప్పేసినాను. ఆయన తెల్లబోయి, అది ప్రమాదం, మీరు మనసులో పెట్టుకోకండి అన్నాడు, కానీ ఆ మాట అంటా నా కండ్లలోకి చూడలేదు. సినిమాను వెనక్కి తీసేసుకున్నాము. ఇద్దరం కలిసి ఉన్నదంతా తుడిచేసినాము.

సోమవారం సాయంత్రం పెద్దమ్మ దగ్గరికి పోయినాను. మాట ఇచ్చుకున్నాను కదా, సోమవారం అని. ఊరంతా పొయ్యిల పొగ కమ్ముకుంటా ఉండేది. పెద్దమ్మ జగిలి మీద కాళ్ళు చాపుకొని కూర్చొని ఉంది. గొర్రెపిల్లలు దూరంగా, గోడకు ఆనుకొని, ఒక్కటీ దగ్గరికి రాకుండా నిలబడి ఉండాయి. నా అడుగుల సడి విని ఆమె చెయ్యి ఎత్తింది.

"మెల్లగా రా. పండుకోని ఉండాడు."

ఒడిలో ఎవరూ లేరు. కానీ చీర ఆ తావున కుంగి ఉంది, బరువు పెట్టినట్టు. పెద్దమ్మ చెయ్యి గాలిలో, ఒక తల మీద ఆడించినట్టు, మెల్లగా పోతాంది వస్తాంది. కుంగిన చోట ఎర్రటి తడి. దాని చుట్టూ నల్లగా… నేను వంగి చూసినాను.

చీమలు.

నేను జగిలి కింద కూలబడిపోయినాను. అంతా చెప్పినాను. అబద్ధం, నవ్వు, ఫోను, సోమవారం, ఏదీ దాచలేదు. తిట్టు పెద్దమ్మా, కొట్టు అన్నాను. ఆమె తిట్టలేదు. తెలుసులే, వాడే చెప్పినాడు అంది. నిన్న పొద్దున వచ్చినాడంట, అప్పటి నుంచి ఆమె లేయలేదంట. ఇప్పుడైనా అన్నానికి పిలువు పెద్దమ్మా అని చేతులు పట్టుకున్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. బతికుండంగా పిలవాల్సింది, ఇప్పుడు నా పిలుపుతో అయ్యేది కాదు అంది. తర్వాత గొంతు ఇంకా తగ్గించింది.

"నీ మీద కోపం లేదు వానికి. ఒకటే అడుగుతాండాడు. అక్క నవ్వమని చెప్పలేదు, ఎప్పుడు చెప్తాది అని. చెప్పు అమ్మణ్ణీ. చెప్తే కండ్లు తెరుస్తాడు."

"తెరిస్తే…?"

"తెరిస్తే ఎవరు చెప్పినారో వాళ్ళనే కదా చూసేది."

చెప్పాలని నోరు తెరిచినాను. నవ్వప్పా, అంతే కదా, ఒక్క మాట. ఆ కుంగిన చీర కొంచెం కదిలింది, ఎవరో వినేకి తల ఇటు తిప్పినట్టు. ఆ మాట చెప్పకుండానే లేచి పరిగెత్తినాను. వెనక నుంచి పెద్దమ్మ, ఈడ చెప్పకుంటే అడిగేకి వాడే వస్తాడు, అని అంటా ఉంది. బస్టాండు దాకా నేను వెనక్కి తిరగలేదు.

పోయిన నెల మా పక్క పోచంపల్లిలో అయిన ఒక పెళ్ళి వీడియో నా దగ్గరికి వచ్చింది. పట్టపగలు, స్టూడియోలో ఫ్యాను తిరుగుతాంది, పక్క గదిలో ఓనరు ఫోనులో అరుస్తాండాడు. పెండ్లికొడుకు, పెండ్లికూతురు, చుట్టూ చుట్టాలు. కెమెరా పట్టినాయన నవ్వండి అంటాడు. అందరూ నవ్వినారు. ఆఖరి వరుసలో, స్తంభం పక్కన ఒకడు నవ్వలేదు. మంచి చొక్కా వేసుకొని ఉండాడు. మెడ మీద ఎర్రగా తడి. కండ్లు మూసుకొని ఉండాడు.

ఈసారి నేను పరిగెత్తలేదు. యాడికని పరిగెత్తేది? తెర దగ్గరికి వంగి, నవ్వప్పా ముత్తూ అన్నాను. మెల్లగానే అన్నాను, పక్క గదిలో ఓనరు ఉండాడని. అప్పుడు కూడా నాకు ఓనరు ఏమనుకుంటాడో అనే ఉండింది.

వాడు కండ్లు తెరవలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు, వినపడలేదక్కా అన్నట్టు. ఒక అడుగు ముందుకు వేసినాడు.

ఆ తర్వాత వచ్చింది కృష్ణగిరి పెళ్ళి. దాంట్లో వాడు మధ్య వరుసలో ఉండాడు. గట్టిగా చెప్పినాను. ఇంకొకటి వచ్చింది, దాంట్లో పెండ్లికూతురు భుజం వెనక. ఏడుస్తా, అరిచి చెప్పినాను, ఓనరు పరిగెత్తుకొని వచ్చినాడు. ముత్తు మాత్రం అదే మాదిరి చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని, కండ్లు మూసుకొని, ఓపిగ్గా ఇంకొక అడుగు వేసినాడు.

ఈ పొద్దు ఇంకో పెళ్ళి వచ్చింది. ఇందాకే తెరిచినాను. కీబోర్డు సందుల్లో నుంచి చీమలు ఒక్కొక్కటే బయటికి వస్తాండాయి. వీడియోలో కెమెరా పట్టినాయన నవ్వండి అన్నాడు, అందరూ నవ్వినారు. ముత్తు ముందర ఇంక ఎవరూ లేరు, నేను తప్ప.